బ్యాటరీలు అయిపోయిన టేపు

మొన్న గ్యారేజీ సర్దుతుంటే పాత ఫైలు ఒకదానిలో ఇండియన్ గ్రాసరీ దుకాణం బిల్లు దొరికింది. ముందువైపు అక్షరాలు పూర్తిగా వెలిసిపోయాయి. సోనామసూరి బస్తా ఎంతకు కొన్నామో, గోంగూర పచ్చడి సీసాలు ఎన్ని తెచ్చామో ఇక ఎవరికీ తెలియదు. వెనకవైపు బాల్‌పెన్నుతో రాసిన పది పేర్లు మాత్రం నిన్న రాసినట్టే ఉన్నాయి. వాటి మీద కొట్టివేతలు, పైకీ కిందికీ బాణాలు, పక్కన ఓట్లు లెక్కపెట్టిన నిలువు గీతలు. అన్నిటికంటే అడుగున, వేరే చేతిరాతలో, పెద్ద పెద్ద అక్షరాలతో మరో రెండు పేర్లు.

అది 2008 సెప్టెంబరు నాటి కాగితం. ఆ దశాబ్దంలో గొప్ప రాపర్లు ఎవరన్న సంగతి మీద హ్యూస్టన్‌లో నలుగురు తెలుగు కుర్రవాళ్లు రోజుల తరబడి పోట్లాడుకుని ఇచ్చిన తీర్పు.

మా నలుగురికీ తల్లిదండ్రులు పెట్టిన పేర్లు ఉండేవి కానీ ఎవరూ వాడేవారు కాదు. ఎమ్మెస్ చదివే తెలుగువాళ్ల అద్దె ఇళ్లలో ఊరే పేరు. గుంటూరు, నెల్లూరు, పాలమూరు. నేను భీమవరం. పాలమూరు మాకంటే నాలుగేళ్లు పెద్ద, హైదరాబాదులో ఉద్యోగం చేసి వచ్చినవాడు, కాబట్టి ఆయన 'అన్న'. మిగతా ముగ్గురం ఒరేయ్ అంటే ఒరేయ్. వంట వంతులు, అంట్లు తోమే వంతులు గోడ మీద కాగితానికి రాసి అంటించుకున్నాం. వాటి మీద ఏనాడూ గొడవ రాలేదు. గొడవంతా పాటల మీదే.

ముందు నా సంగతి చెప్పాలి, ఎందుకంటే ఎక్కువగా గొంతు చించుకున్నది నేనే. నాకు రాప్ చెవుల్లోంచి రాలేదు, కాగితం మీదనుంచి వచ్చింది. 2003లో ఇంజినీరింగ్ హాస్టల్లో ఏ గదికి వెళ్లినా 50 సెంట్ అనే రాపర్ పాటలే. ఆ ఫిబ్రవరిలో అమెరికాలో విడుదలైన ఆయన ఆల్బమ్ మా హాస్టల్ కంప్యూటర్లలోకి చేరడానికి ఎన్నో రోజులు పట్టలేదు. తొమ్మిది తూటాలు తిని బతికినవాడన్న కథ పాటలకంటే ముందే వచ్చేసింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కానిదానికి తల ఊపడం నాకు చేతకాదు. ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లి పాటల సాహిత్యం ప్రింటు తీయించుకోవడం మొదలుపెట్టాను. అలా వెతుకుతుంటే నాస్ దొరికాడు. న్యూయార్క్‌లో క్వీన్స్‌బ్రిడ్జ్ అనే ప్రభుత్వ గృహసముదాయంలో పెరిగిన కుర్రవాడు, 1994లో, ఇరవై ఏళ్ల వయసులో చేసిన ఆల్బమ్ 'ఇల్మాటిక్'. మొత్తం కలిపి నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాల కోసం నాకు పదిహేడు పేజీల ప్రింటు, అంచుల్లో పెన్సిల్‌తో అర్థాలు, రెండు నెలల కాలం ఖర్చయ్యాయి. అంత కష్టపడి అర్థం చేసుకున్నవాడు గొప్పవాడు కాకుండా ఎలా పోతాడు?

ఇందులో మా నాన్న పాత్ర కూడా ఉంది. ఆయన హైస్కూల్లో తెలుగు పండితుడు, పద్యనాటకాల పిచ్చివాడు. పీసపాటి కృష్ణుడా, షణ్ముఖి కృష్ణుడా అన్న తగాదా మా ఇంటి అరుగు మీద ఎన్ని రాత్రులు నడిచిందో లెక్కలేదు. నాన్నది పీసపాటి పక్షం. మాట ముందు, రాగం తర్వాత అనేవారు. నేను హ్యూస్టన్ వచ్చిన కొత్తలో, 2006 చివర్లో, కాలింగ్ కార్డులో ఇంకా పది నిమిషాలు మిగిలితే ఆయనకు నాస్‌కూ మరో న్యూయార్క్ రాపర్ జే-జీకీ జరిగిన యుద్ధం చెప్పాను. 2001 సెప్టెంబరు 11న, సరిగ్గా ఆ రోజే, జే-జీ ఆల్బమ్ 'ది బ్లూప్రింట్' విడుదలైంది. అందులో నాస్‌ను ఎత్తిపొడుస్తూ ఒక పాట ఉంది. డిసెంబరులో నాస్ అంతకు రెండింతలు తిడుతూ జవాబిచ్చాడు. జే-జీ ఉడుక్కుని మళ్లీ ఒక పాట వదిలాడు. జే-జీ ఉడుక్కుని మళ్లీ ఒక పాట వదిలాడు. జే-జీ రెండో పాట మరీ హద్దు మీరడంతో ఆయన తల్లే కలగజేసుకుని, క్షమాపణ చెప్పు అంటే రేడియోకు వెళ్లి చెప్పాడు.

"తల్లి చెప్పగానే చెప్పాడా? అయితే మంచివాడేరా" అన్నారు నాన్న. తర్వాత కాసేపు నవ్వి, "ఇదేమీ కొత్త కాదు. తిరుపతి వేంకట కవులకూ కొప్పరపువారికీ నడిచింది ఇదే కదా. మీసం ఎందుకు పెంచారయ్యా అంటే రెండు భాషల్లో మేమే కవీంద్రులమని తెలియడానికి అని పద్యం చెప్పినవాళ్లు మనవాళ్లు" అన్నారు. కార్డు అయిపోయింది. ఆ రాత్రి నాకు నాస్ మీద ప్రేమ పదింతలైంది. మాట ముందు, రాగం తర్వాత.

ఇక టేప్ రికార్డర్ సంగతి. యూనివర్సిటీ మెయిల్ రూములో నాకు వారానికి 20 గంటల పని. అక్కడ నాకు పని చెప్పే ఆయన హ్యూస్టన్ సౌత్ పార్క్‌లో పుట్టి పెరిగిన నల్లజాతి పెద్దమనిషి. నలభై దాటి ఉంటాయి. ఉత్తరాలు గళ్లలో వేస్తున్నంతసేపూ పక్కన చిన్న టేప్ రికార్డర్ పాడుతూ ఉండేది. మొదటి రోజు అది విని, "బ్యాటరీలు అయిపోయినట్టున్నాయి, మార్చమంటారా?" అని అడిగాను. ఆయన నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. ఆ తర్వాత రెండేళ్లపాటు మెయిల్ రూముకు వచ్చిన ప్రతి మనిషికీ ఆ మాట చెప్పాడు.

నన్ను ఏమనడానికీ లేదు. మా ఇంట్లో టేప్ రికార్డర్‌కు నాలుగు పెద్ద బ్యాటరీలు ఉండేవి. కరెంటు పోతే వాటి మీదే. అవి అయిపోవస్తుంటే ఘంటసాల గొంతు సాగి సాగి, పాతాళంలోంచి వస్తున్నట్టు అయ్యేది. వాటిని తీసి డాబా మీద ఎండలో పెట్టేవాళ్లం. సాయంత్రానికి రెండు పాటలకు సరిపడా ప్రాణం వచ్చేది. ఆ అవస్థనే ఇక్కడ ఒకాయన కావాలని చేసి, అమ్మి, పేరు తెచ్చుకున్నాడని తెలిసింది. ఆయన డీజే స్క్రూ. తొంభైల్లో హ్యూస్టన్‌లో తన ఇంట్లోనే రికార్డుల వేగం తగ్గించి, ఒకే ముక్కను వెనక్కి లాగి లాగి వినిపిస్తూ టేపులు చేసేవాడు. కొనుక్కోవడానికి ఇంటి ముందు కార్లు బారులు తీరేవి. 2000 నవంబరులో, 29 ఏళ్లకే, దగ్గుమందులో ఉండే కోడీన్ ఎక్కువై పోయాడు. దగ్గుమందు మత్తు ఆ ఊరి సంగీతాన్ని వదలని శని. 2007 డిసెంబరు 4న యూజీకే అనే రాప్ జంటలో ఒకడైన పింప్ సి లాస్ ఏంజెలెస్ పక్కన వెస్ట్ హాలీవుడ్ హోటల్ గదిలో చనిపోయినప్పుడు కూడా అదే కారణంలో భాగమని తేలింది. ఆ రోజు మా మెయిల్ రూము పెద్దాయన ఒక్క మాట మాట్లాడలేదు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా యూజీకే పాటలే. ఎవరో పోయారు పాపం అనుకుని నా పని నేను చేసుకున్నాను. నా పదిహేడు పేజీల్లో వాళ్ల పేరు లేదు మరి.

2008 సెప్టెంబరు 13, శనివారం తెల్లవారుజామున ఐక్ హరికేన్ గాల్వెస్టన్ దగ్గర తీరం దాటింది. హ్యూస్టన్ చుట్టుపక్కల 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. మా అపార్ట్‌మెంటుకు తిరిగి రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆదివారం ఫ్రిజ్‌లో ఉన్నదంతా వండుకుని తినేశాం. సోమవారం లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు దివాలా తీసింది. ఆ వార్త గుంటూరు వాడి కారు రేడియోలో విన్నాం. డిసెంబరులో చదువు పూర్తవుతుంది, బయట ఉద్యోగాలు ఉండవు, ఇళ్లలో అప్పులు ఉన్నాయి. నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పాలమూరు అన్న ఒక నియమం పెట్టాడు: కరెంటు వచ్చేదాకా ఉద్యోగాల మాట ఎవరూ ఎత్తకూడదు. మాట్లాడుకోవడానికి ఇక రాపర్లే మిగిలారు.

గుంటూరు వాడిది 1996 మోడల్ కొరోలా. ఫోన్లు చార్జింగ్ పెట్టుకునే వంకతో సాయంత్రాలు అందులోనే కూర్చునేవాళ్లం. పెట్రోలు బంకుల దగ్గర బారులు, కాబట్టి ఏసీ నిషేధం. అద్దాలు దించి, దోమలు కొట్టుకుంటూ, టేప్ డెక్‌లో తీగ వేలాడే ఉత్తుత్తి క్యాసెట్ పెట్టి దాన్ని ఐపాడ్‌కు తగిలించేవాళ్లం. నియమాలు పాలమూరు అన్నవే. 2000 నుంచి వచ్చినవే లెక్క. తలా ఐదు పేర్లు. వాదనలు అయ్యాక ఓట్లు.

నాస్‌ను ఒకటో స్థానంలో పెట్టి నేను మొదలుపెట్టాను. ఆదివారం ఆయన 35వ పుట్టినరోజు కూడా అయింది, శకునం బాగుందన్నాను.

"ఏ ఆల్బమ్ చూసి?" అన్నాడు గుంటూరు.

'ఇల్మాటిక్' అనబోయి నాలుక కరుచుకున్నాను. అది 1994. 'స్టిల్‌మాటిక్', 'గాడ్స్ సన్' అన్నాను.

"పాత ఆస్తి చూపించి కొత్త అప్పు అడుగుతున్నావురా. రెండేళ్ల కిందట హిప్ హాప్ చచ్చిపోయిందని పేరు పెట్టి ఆల్బమ్ అమ్ముకున్నాడు మీవాడు. శవం మీద వ్యాపారం."

గుంటూరు వాడి దేవుడు లిల్ వేన్. ఆ జూన్‌లోనే వచ్చిన 'ద కార్టర్ 3' మొదటి వారంలో 10 లక్షల ప్రతులు దాటింది. అంతకు ముందు రెండు మూడేళ్లు వేన్ వరసపెట్టి మిక్స్‌టేపులు వదిలాడు. వేరేవాళ్ల పాటల బాణీలు తీసుకుని, వాటి మీద తన మాటలు పెట్టి, ఊరికే జనంలోకి వదిలేయడం. నాకు అదంతా సరుకు లేని గోలగా అనిపించేది. నా దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉందనుకున్నాను. "అసలు వాడు కాగితం మీద రాయడట తెలుసా? స్టూడియోలో నిలబడి నోటికొచ్చింది చెప్పేస్తాడట. అది కవిత్వమెలా అవుతుంది?"

గుంటూరు తాపీగా అడిగాడు: "మీ నాన్నగారు మెచ్చుకునే అవధానులు కాగితం మీద రాసుకునేవాళ్లా?"

కారులో నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. జే-జీ కూడా రాసుకోడని ఆ వెంటనే పాలమూరు అన్న ఇంకో దెబ్బ వేశాడు. నా అస్త్రం నాకే తగిలింది.

నెల్లూరు ఎమినెమ్ భక్తుడు. పెద్దగా మాట్లాడడు, లెక్కలు చెబుతాడు. 2000లో వచ్చిన ఆల్బమ్ మొదటి వారంలోనే 17.6 లక్షలు. 2003లో ఆస్కార్ తెచ్చుకున్న మొదటి రాప్ పాట ఆయనదే. అయితే 2004 తర్వాత ఎమినెమ్ నుంచి కొత్త ఆల్బమ్ లేదు. "నాలుగేళ్లుగా సెలవులో ఉన్నవాడికి జీతం ఎవరిస్తారయ్యా?" అన్నాడు పాలమూరు అన్న. నెల్లూరు ఆ రాత్రి అలిగి అన్నం మానేశాడు. మర్నాడు కూడా అవే లెక్కలు మొదటినుంచి చెప్పాడు.

అన్నది జే-జీ పక్షం. అక్కడ దొరికాడు మాకు. జే-జీ 2003లో ఇదే నా చివరి ఆల్బమ్ అని ప్రకటించి, మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వీడ్కోలు కచేరీ చేసి, మూడేళ్లు తిరక్కుండానే కొత్త ఆల్బమ్‌తో వచ్చేశాడు. 50 సెంట్ మరీ ఘనుడు. 2007 సెప్టెంబరు 11న ఆయన ఆల్బమ్, కాన్యే వెస్ట్ ఆల్బమ్ ఒకేరోజు విడుదలయ్యాయి. కాన్యే నాకంటే ఎక్కువ అమ్మితే సోలో ఆల్బమ్‌లు మానేస్తానని సవాలు విసిరాడు. కాన్యేది 9.57 లక్షలు, ఈయనది 6.91 లక్షలు. ఏమీ మానలేదు. రాజకీయ సన్యాసం సవాళ్లు వింటూ పెరిగినవాళ్లం, మాకు ఆశ్చర్యం వేయలేదు. "తెలుగు నాయకుల దగ్గర ట్యూషన్ చెప్పించుకున్నట్టున్నారు ఇద్దరూ" అన్నాడు నెల్లూరు. ఆ పదకొండు రోజుల్లో వాడు వేసిన ఏకైక జోకు అది.

మధ్యలో ఒక సాయంత్రం వాదన ఆగిపోయింది. ఐపాడ్‌లో ఎమ్.ఐ.ఎ. పాట వచ్చింది, 2007 ఆల్బమ్‌లోది. లండన్‌లో పుట్టిన శ్రీలంక తమిళ అమ్మాయి. కింద మోగుతున్న డప్పులు ఎక్కడో విన్నట్టున్నాయి. నలుగురం ఒకేసారి తలెత్తాం. అది దళపతిలో ఇళయరాజా చేసిన పాట, మన 'సింగారాల పైరుల్లోన'. ఆ ముక్కను మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి విన్నాం. ఆమె పేరు ఒక్కరి జాబితాలోనూ లేదు. ఎందుకు లేదని ఒక్కరమూ అడగలేదు.

ఓట్లు లెక్కపెడితే వింత ఫలితం వచ్చింది. కాన్యే వెస్ట్ ఎవరికీ మొదటివాడు కాదు. నలుగురి జాబితాల్లోనూ రెండో మూడో స్థానం. కూడితే ఆయనే ఒకటి. రెండు జే-జీ, మూడు వేన్, నాలుగు ఎమినెమ్. నాస్ ఐదుకు జారాడు. కింద ఆండ్రే 3000, 50 సెంట్, టి.ఐ., గోస్ట్‌ఫేస్ కిల్లా, కామన్. ఎవరికీ తృప్తి లేదు. పైగా మేం పట్టం కట్టిన రెండు నెలలకే కాన్యే రాప్ దాదాపుగా పక్కన పెట్టి, గొంతుకు యంత్రం తగిలించుకుని పాడుతూ '808స్ అండ్ హార్ట్‌బ్రేక్' తెచ్చాడు. గుంటూరు మా ముగ్గురికీ ఫోన్ చేసి తిట్టాడు. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఆ మనిషి నోటి వెంట వచ్చిన మాటలు తలుచుకుంటే ఆ ఒకటి అంకె ఇప్పుడు ఇంకోలా కనబడుతుంది. అది వేరే కథ.

యూనివర్సిటీ తెరిచాక ఆ బిల్లు జేబులో పెట్టుకుని మెయిల్ రూముకు వెళ్లాను. పరీక్షలో మంచి మార్కులు వచ్చిన పిల్లవాడిలా పెద్దాయనకు చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, పైనుంచి కిందికి వేలు పెట్టి ఒక్కొక్క పేరూ చదివాడు. అడుగున వేలు ఆగింది. కాగితం తిప్పి చూశాడు. అటువైపు బియ్యం, పప్పుల ధరలు.

"ఇక్కడికి వచ్చి ఎన్నాళ్లయింది నువ్వు?"

"రెండేళ్లు."

"ఏ ఊళ్లో ఉంటున్నావు?"

నాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. న్యూయార్క్, డెట్రాయిట్, షికాగో, అట్లాంటా, న్యూ ఆర్లీన్స్. హ్యూస్టన్ లేదు. తుపానుకు కరెంటు పోయి, చీకట్లో, హ్యూస్టన్ నడిబొడ్డున కూర్చుని హ్యూస్టన్ పేరే లేని జాబితా రాశాం. ఆయన నా జేబులోంచి పెన్ను తీసుకుని అడుగున రెండు పేర్లు రాశాడు. స్కార్‌ఫేస్. బన్ బి, అంటే యూజీకే జంటలో మిగిలినవాడు. సొరుగులోంచి ఒక క్యాసెట్ తీసి కాగితం మీద పెట్టాడు. "ఇది గదిలో వినేది కాదు. రాత్రిపూట కారులో, నెమ్మదిగా నడుపుతూ విను" అన్నాడు.

మా వీధికి ఇంకా కరెంటు రాలేదు. ఆ రాత్రి ఐసు కోసం నలుగురం బయల్దేరాం. సిగ్నళ్లు లేవు, వీధి దీపాలు లేవు, ప్రతి కూడలిలోనూ ఆగి ఆగి పోవాలి. ఉత్తుత్తి క్యాసెట్ తీసేసి అసలు క్యాసెట్ పెట్టాను. గొంతులు సాగుతూ వచ్చాయి. ఎవరు ఏమంటున్నారో ఎప్పటిలాగే సగం అర్థం కాలేదు. కానీ కారు నడక, ఆ ఉక్క, ఆ చీకటి, పాట ఒకే వేగంలో ఉన్నాయి. ఒక కూడలిలో మా పక్కన పెద్ద పాతకారు వచ్చి ఆగింది. మిఠాయి కాగితంలా మెరిసే ఎర్ర రంగు, చక్రాల మధ్యనుంచి ఎడ్లబండి ఇరుసుల్లా జానెడు బయటికి పొడుచుకొచ్చిన వెండి ఊచలు. ఇలాంటి కారును ఇక్కడ 'స్లాబ్' అంటారు. ఇంటికి స్లాబ్ వేయడమే తెలిసిన మాకు ఆ మాట భలే నవ్వు తెప్పించేది. అందులోంచి కూడా ఇలాంటి పాటే, మా తలుపులు అదిరేలా. డ్రైవరు మా కొరోలా వైపు చూసి, లోపల ఏం మోగుతోందో గుర్తుపట్టి, గడ్డం పైకెత్తి పలకరించి వెళ్లిపోయాడు. గుంటూరు చాలాసేపటికి అన్నాడు: "బ్యాటరీలు బాగానే ఉన్నాయిరా."

నేను పాట మార్చలేదు. మాట అర్థం కాకుండానే మొదటిసారి ఒక పాటను చివరిదాకా విన్నాను.

ఆ తర్వాత స్కార్‌ఫేస్ 2002 ఆల్బమ్ 'ది ఫిక్స్' సెకండ్‌హ్యాండ్ సీడీ కొన్నాను. ఆ మనిషి కంగారు పడడు. పెద్దమనుషుల పంచాయితీలో ఆఖరున మాట్లాడే ముసలాయనలా ఒక్కొక్క మాటా బరువు చూసి పెడతాడు. నాకు ప్రింటు తీసుకోవాల్సిన అవసరం రాలేదు. న్యూయార్క్ వాళ్ల సందు సందుకూ పేర్లు తెలిసిన నేను, నా అపార్ట్‌మెంటుకు ఇరవై నిమిషాల దూరంలో ఉన్న సౌత్ పార్క్‌ను రెండేళ్ల తర్వాత ఈయన గొంతులో చూశాను.

అభిరుచి అనేది ఒకసారి కదిలితే ఇక నిలవదు. 2012లో ఆఫీసుకు గంట ప్రయాణం. ఒకరోజు ఏమీ తోచక లిల్ వేన్ 2007 మిక్స్‌టేపు 'ద డ్రౌట్ 3' పెట్టాను. బాణీ ఇంకొకరిది, పూర్తి చేసింది వేన్. ఎవరో ఇచ్చిన సమస్యను ఎవరూ ఊహించని వైపునుంచి పూరించడం. ఇది సమస్యాపూరణం కదా అని తట్టగానే కారు పక్కకు ఆపి గుంటూరుకు ఫోన్ చేశాను. నువ్వు చెప్పిందే నిజం అన్నాను. "నాలుగేళ్లు లేటు" అని పెట్టేశాడు.

ఎమ్‌ఎఫ్ డూమ్ సంగతైతే మరీ అన్యాయం. ఇనుప ముసుగు వేసుకుని తిరిగే ఆయన, మాడ్‌లిబ్‌తో కలిసి 2004లో చేసిన 'మాడ్‌విలనీ'లో ఒక్కో వాక్యంలో ఐదారు ప్రాసలు గుచ్చుతాడు. మాట ముందు అని ఊగిపోయిన నేను, ఆ దశాబ్దంలో మాటతో ఆడుకున్న మొనగాణ్ని పదేళ్ల తర్వాత విన్నాను. 2020 అక్టోబరు 31న ఆయన పోతే ఆ వార్త బయటికి వచ్చింది డిసెంబరు 31న. పోవడం కూడా ముసుగు వేసుకునే పోయాడు.

పెళ్లయిన కొత్తలో మా ఆవిడ ఈ బిల్లు చూసి మొదట అడిగింది గోంగూర ఎక్కడ దొరుకుతుందని. రెండో ప్రశ్న, "పదిమందిలో ఒక్క ఆడమనిషి లేదేమిటి?" నా దగ్గర సమాధానం లేదు. రాపర్ మిస్సీ ఎలియట్ ఆ దశాబ్దమంతా మా కళ్లముందే ఉంది. టింబలాండ్‌తో కలిసి పంజాబీ వాయిద్యం తుంబి మోగించిన ఆమె 2001 పాటకు మా హాస్టల్ డేలో నేనే డాన్సు చేశాను. డాన్సు పాట కదా, లెక్కలోకి రాదనుకున్నాం.

2013లో మిగోస్ అనే ముగ్గురు రాపర్ల జట్టు వచ్చినప్పుడు నేను మళ్లీ పాత పండితుణ్నయిపోయాను. మూడు మూడు అక్షరాలు పటపటమని కొట్టడం తప్ప ఏముంది ఇందులో అని సణిగాను. చిన్నప్పుడు వయొలిన్ నేర్చుకున్న మా ఆవిడ తొడ మీద తాళం వేసి, "తకిట తకిట తకిట. తిశ్రం. నీకు అర్థం కాలేదని చెప్పు, బాలేదని చెప్పకు" అంది. కూరగాయలు తరుగుతూ అంది. నేను మాట్లాడలేదు.

2018లో రాపర్ కెండ్రిక్ లమార్‌కు సంగీతంలో పులిట్జర్ వచ్చింది. ఆ వార్త నాన్న పేపర్లో చదివి ఫోన్ చేశారు. "మీ రాపు వాళ్లకు పెద్ద బహుమానం ఇచ్చారటగా. ఇతను మాటవాడా, రాగంవాడా?" రెండూ అని చెప్పాను. "రెండూ ఉండవురా ఎవరికీ" అన్నారు ఆయన నమ్మకుండా. తర్వాత కొంచెం ఆగి, "షణ్ముఖికి ఉండేవేమో" అన్నారు. ఆ ఒప్పుకోలు విలువ మా అరుగు మీద కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది.

ఇప్పుడు మా అమ్మాయికి 13. 2024లో కెండ్రిక్, మరో రాపర్ డ్రేక్ పాటలతో కొట్టుకున్నప్పుడు నాకు ఒక్కొక్క పాటా విడమరిచి చెప్పింది తనే. వాళ్ల క్లాసులో డ్రేక్ పక్షం వాళ్లతో మాటల్లేవట వారం రోజులు. 2025 ఫిబ్రవరిలో అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్ న్యూ ఆర్లీన్స్‌లో జరిగి ఆట విరామంలో కెండ్రిక్ పాడుతుంటే డాలస్‌నుంచి గుంటూరు ఫోన్. వేన్ సొంత ఊళ్లో వేన్‌ను కాదని ఇంకొకరిని పిలవడమేమిటని ఆట అయ్యేదాకా తిడుతూనే ఉన్నాడు. ఇద్దరు పిల్లల తండ్రి, బట్టతల వచ్చింది, వాడి ఒకటో నంబరు మారలేదు. నాకు అసూయగా కూడా ఉంటుంది ఒక్కోసారి.

గ్యారేజీలో దొరికిన బిల్లు అమ్మాయికి ఇచ్చాను. కారులో ముందు సీట్లో కూర్చుని, నాన్న రాసుకున్న ప్రేమలేఖ దొరికినంత శ్రద్ధగా చదివింది. తన జాబితా అడిగాను. మొదటి పేరు మెగాన్ దీ స్టాలియన్. హ్యూస్టన్ అమ్మాయి. మేం నలుగురం పదకొండు రోజుల్లో చేసిన రెండు తప్పులూ తను ఒక్క పేరుతో దిద్దేసింది. ఆ పాటలు తండ్రీ కూతుళ్లు కలిసి వినదగినవి కావు కాబట్టి చర్చ అక్కడితో ముగించాను.

అప్పుడు తన ఫోన్లోంచి కారు స్పీకర్లలోకి ఒక పాట వచ్చింది. తెలుగు సినిమా పాటే, కానీ గొంతు సాగుతోంది. బావిలోంచి వస్తున్నట్టు, వెనక చుట్టూ ప్రతిధ్వని. నా చెయ్యి దానంతట అదే వాల్యూమ్ మీదికి వెళ్లింది.

"ఏమయింది దీనికి?"

"స్లోడ్ రివర్బ్ నాన్నా. అందరూ ఇలాగే వింటారు. మామూలుగా వింటే మరీ పరుగెత్తుతున్నట్టు ఉంటుంది."

ఇలా మొదట చేసింది ఎవరో, ఏ ఊళ్లోనో చెప్పాను. బ్యాటరీలు ఎండలో పెట్టడం గురించి కూడా చెప్పాను. ఎండలో పెడితే చార్జ్ అవుతాయా అని అడిగింది. సోలార్ అనుకున్నట్టుంది. ఇంతలో బిల్లు అడుగున చూసి, "ఈ రెండు పేర్లు నీ రైటింగ్ కాదు కదా?" అంది. కాదన్నాను. మెయిల్ రూము పెద్దాయన నేను చదువు ముగించిన మరుసటి ఏడాది పని మానేశాడు. ఆయన క్యాసెట్ ఇంకా నా దగ్గరే ఉంది, పెట్టుకునే కారే లేదు.

అమ్మాయి స్కార్‌ఫేస్ పేరు ఫోన్లో కొట్టి 'ది ఫిక్స్'లో ఒక పాట పెట్టింది. ఒక నిమిషం విన్నది. వేలు మళ్లీ తెర మీదికి పోయింది.

"ఏం వెతుకుతున్నావు?"

"దీనికి స్లో వెర్షన్ ఉందేమో చూస్తున్నాను."